పదిహేనేళ్లు నడుపుకోవాలంటే కొత్త టెక్నాలజీ కారు కొనొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు. ఇంట్లో 2009లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది, ఏపీ 28 నంబరు, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తది కొంటే దాన్ని కూడా పదిహేనేళ్లు ఉంచుకోవాలని మీ ఆలోచన. చూస్తున్నవి మూడు రకాలు: టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే చక్రం) పెట్రోలు ఇంజిన్‌కి డీసీటీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నది, స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటార్‌తోనూ నడిచేది), టర్బో లేని మామూలు పెట్రోలు. "ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లే, వారంటీ అయిపోగానే అమ్ముకోవాల్సిందే" అని నాన్నగారు అంటున్నారు. టెక్నాలజీ పెరిగే కొద్దీ కార్లు గట్టిపడ్డాయని ఆఫీసులో మిత్రులు అంటున్నారు.

నేను 1991లో రాణిగంజ్ దగ్గర ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను. ఇప్పుడు కూకట్‌పల్లి వైపు సొంత వర్క్‌షాప్ ఉంది. ఈ ముప్పై ఏళ్లలో కార్బురేటర్ నుంచి హైబ్రిడ్ దాకా అన్నీ విప్పి చూశాను కాబట్టి చెబుతున్నాను: ఇంజిన్ విషయంలో మీ మిత్రులు చెప్పింది నిజం, బిల్లు విషయంలో నాన్నగారి భయం నిజం.

ముందు పాత కార్ల సంగతి. వాటి మీద నాకూ ప్రేమ ఉంది, నేను పని నేర్చుకున్నది వాటి మీదే. కానీ అవి గట్టివని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. అంబాసిడర్, పద్మిని ఇంజిన్లు చాలావరకు లక్ష కిలోమీటర్ల లోపే బోరింగ్‌కి (అరిగిన సిలిండర్‌ని మళ్లీ తొలిచి సరిచేసే పనికి) వచ్చేవి. పిస్టన్ రింగులు మార్చడం, హెడ్డు విప్పి మసి గీకడం, వాల్వులు గ్రైండింగ్ చేయడం మాకు వారం వారం ఉండే పని. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు అరిగిపోయేవి, వాటి సందు సరిచేయకపోతే బండి మిస్సింగ్ కొట్టేది. మే నెలలో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టు కింద అరగంట కూర్చునేవాళ్లు. శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు డిక్కీలో నీళ్ల క్యాన్ పెట్టుకుని బయల్దేరేవాళ్లు. అప్పట్లో అందరూ దాన్ని మామూలు విషయంగానే తీసుకున్నారు. అందుకే ఇప్పుడు అది గుర్తుకు రాదు.

ఆ కష్టం తీర్చింది ఎలక్ట్రానిక్సే. 1998 తర్వాత మన చిన్న కార్లలోకి ఎంపీఎఫ్ఐ వచ్చింది, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ చెప్పినంత పెట్రోలే ఇంజెక్టర్లు వదిలే పద్ధతి. కార్బురేటర్ బండిని పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే కావలసిన దానికంటే ఎక్కువ పెట్రోలు సిలిండర్‌లోకి పోతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. ఆయిల్ లేని గోడ మీద రింగులు రాసుకుంటే బోరు అరుగుతుంది. రోజూ పొద్దున జరిగే ఆ అరుగుదలే అంబాసిడర్‌ని బోరింగ్‌కి తెచ్చేది. సెన్సార్ చూసి ఇంజెక్టర్ కొలిచి వదిలే పెట్రోలుతో ఆ బాధ దాదాపు పోయింది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఇంజిన్ ఆయిళ్లు మెరుగయ్యాయి, బాడీని ముంచి తీసే ఎలక్ట్రోకోటింగ్‌తో తుప్పు తగ్గింది. ఇప్పుడు మా షెడ్డుకు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన మామూలు పెట్రోలు కార్లు హెడ్డు ఒక్కసారి కూడా విప్పకుండానే వస్తున్నాయి. అమెరికాలో రోడ్డు మీదున్న బండ్ల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లని ఎస్ అండ్ పీ గ్లోబల్ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. కంప్యూటర్లు వచ్చి కార్లు త్వరగా చచ్చిపోతుంటే ఆ అంకె ఏటా పెరుగుతూ రాదు కదా.

మరి నాన్నగారి భయం ఎక్కడిది? ఈ హైదరాబాద్‌లోనే వచ్చిన రెండు వరదల సంగతి చెబుతాను.

2000 ఆగస్టు వరదల్లో మునిగిన కార్లు మా షెడ్డు ముందు వరసగా నిలబడ్డాయి. డిస్ట్రిబ్యూటర్ విప్పి ఆరబెట్టాం, ప్లగ్గులు తీసి సిలిండర్లలో నీళ్లు తోడాం, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చాం, కార్పెట్లు ఎండలో వేశాం. చాలా బండ్లు నాలుగైదు రోజుల్లో ఇంటికి వెళ్లిపోయాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానలో టోలిచౌకి వైపు నుంచి ఒక కారు టోయింగ్ మీద వచ్చింది. నీళ్లు సీటు ఎత్తు వరకే చేరాయి. ఓనర్ తెలివిగా స్టార్ట్ చేయలేదు కాబట్టి ఇంజిన్‌లోకి చుక్క పోలేదు. ఇంజిన్ ఈ రోజుకీ బంగారంలా ఉండేది. కానీ సీటు కింద, కార్పెట్ కింద ఉన్న కంట్రోల్ యూనిట్లలోకి (కారులోని చిన్న కంప్యూటర్లలోకి) నీళ్లు పోయాయి. వైరింగ్‌తో కలిపి కంపెనీ వర్క్‌షాప్ వేసిన అంచనా బండి విలువలో ముప్పావు వంతు దాటింది, ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద రాశారు. మంచి ఇంజిన్ ఉన్న బండి స్క్రాప్‌కి పోవడం చూసి ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తేడా అర్థమైందనుకుంటాను. పాత కారు తరచూ పాడయ్యేది, కానీ ఎక్కడైనా బాగయ్యేది. కొత్త కారు అరుదుగా పాడవుతుంది, పాడైతే మాత్రం బాగుచేసే చోట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. పదో ఏడు దాటాక ఈ కార్లను చంపేది ఇంజిన్ కాదు, ఎస్టిమేట్ కాగితం.

ఎందుకలా అవుతుందో కాస్త వివరంగా చెప్పాలి. కారులోని యూనిట్లన్నీ క్యాన్ అనే వ్యవస్థ మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది. రెండు సన్నటి వైర్లు మెలిపెట్టి ఉంటాయి, ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, మీటరు అన్నీ ఆ జంట మీదే సందేశాలు పంపుకుంటాయి. దీనివల్ల కిలోల కొద్దీ రాగి వైరు మిగిలింది, జాయింట్లు తగ్గాయి. అది మేలే. కానీ ఒక యూనిట్ చెడి లైను మీద పిచ్చి సందేశాలు వదిలితే మిగతావన్నీ గొంతు కోల్పోతాయి. డాష్‌బోర్డు మీద ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టీరింగ్, ఇంజిన్ లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఓనర్‌కి టెన్షన్ మొదలవుతుంది. లోపం చాలాసార్లు ఒక్క చోటే ఉంటుంది. వానాకాలంలో ఎలుక కొరికిన వైరో, పచ్చ తుప్పు పట్టిన ఎర్తింగ్ పాయింటో. వెతకడానికి రెండు రోజులు, బాగుచేయడానికి పది నిమిషాలు. ఆ రెండు రోజులు ఓపిక పట్టే మెకానిక్ దొరక్కపోతే యూనిట్లు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతారు, బిల్లు లక్ష దాటుతుంది.

యూనిట్ నిజంగానే పోయిందనుకోండి. పాత రోజుల్లో పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో సెకండ్ హ్యాండ్ సామాను తెచ్చి బిగించేవాళ్లం. ఇప్పుడు చాలా యూనిట్లు ఆ బండి చాసిస్ నంబరుతో జతకట్టి ఉంటాయి. ఇంకో బండిలోంచి తెచ్చినది కూర్చుంటుంది గానీ పలకదు, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ చేయాలి. దొంగతనాలు ఆపడానికి ఆ ఏర్పాటు అవసరమే, నేను కాదనను. కానీ పదేళ్లు దాటిన బండికి కూడా ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉండిపోతే మధ్యతరగతి ఓనర్ ఏం కావాలి? 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో పెట్టిన నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. మాన్యువల్స్, విడిభాగాల వివరాలు ఓనర్లకి అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. అది సాఫ్ట్‌వేర్ దాకా వచ్చి, మా షెడ్డు కుర్రాళ్ల చేతికి అందితే ఈ జవాబులో సగం రాయనక్కర్లేదు. ఇంత గట్టి ఇంజిన్లు తయారుచేసి, ఒక డబ్బా కోసం వాటిని మూలన పడేయడం నాకు మనసుకు పట్టని విషయం.

ఇక మీ లెక్క చూద్దాం. మియాపూర్ నుంచి రాయదుర్గం పోను రాను రోజుకి సుమారు 30 కి.మీ. ఏడాదికి 9,000, పదిహేనేళ్లకి 1,35,000. ఇప్పటి ఏ మంచి ఇంజిన్‌కైనా అది సగం ఆయుష్షు. అంటే మీ కారుని ముసలిదాన్ని చేసేది దూరం కాదు, కాలం. రబ్బరు, వైర్లు కలిపే ప్లాస్టిక్ కప్లర్లు, సర్క్యూట్ బోర్డుల మీద అతుకులు, బ్యాటరీ, ఇవన్నీ ఎండకీ వయసుకీ అరిగేవి. కొండాపూర్ ట్రాఫిక్‌లో గంటసేపు ఉడికి, పైన రేకు కూడా లేని పార్కింగ్‌లో మే నెలంతా నిలబడే కారు కష్టం మీటరులో కనబడదు. వీలుంటే సెల్లార్‌లో నీడన పెట్టండి. ఏ ఖరీదైన పాలిష్ కంటే అదే మేలు చేస్తుంది.

దూరం కాకుండా గంటలు లెక్కపెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. గంటకి 20 కి.మీ. సగటుతో పదివేల కిలోమీటర్లు తిరగాలంటే ఇంజిన్ 500 గంటలు నడవాలి. హైవే మీద 60 సగటుతో అయితే 167 గంటలు చాలు. ఆయిల్ రెండు చోట్లా పదివేలకే మారుస్తున్నారు, కానీ మీ ఇంజిన్ మూడు రెట్లు ఎక్కువసేపు అదే ఆయిల్‌లో తిరిగింది. ఓనర్ మాన్యువల్ వెనక పేజీల్లో కఠిన పరిస్థితుల వాడకం అని ఒక పట్టిక ఉంటుంది. ట్రాఫిక్‌లో నడిచే బండి దాని కిందికే వస్తుంది. టర్బో అయితే ఆరేడు వేలకి ఆయిల్ మార్చమనే నా సలహా.

టర్బో గురించి ఎందుకు విడిగా చెబుతున్నానంటే, ఆ చిన్న చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. తొమ్మిది వందల డిగ్రీలు దాటే పొగ ఒక పక్క, పలచటి ఆయిల్ పొర మీద తేలే షాఫ్ట్ ఇంకో పక్క. ఆయిల్ మాడి బొగ్గయితే షాఫ్ట్‌కి ఆయిల్ అందించే సన్నటి దారి మూసుకుపోతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వేగంగా వచ్చి టోల్ దాటగానే పక్కన ఆపి ఇంజిన్ కట్టేయడం దానికి హాని. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపాలి. ఆయిల్ కూడా మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయాలి. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణం ఇలాంటి చిన్న టర్బో ఇంజిన్లలో వచ్చే ఒక ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే. తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ కంటే ముందే మంట అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం అది. డబ్బాలో లూజు ఆయిల్ తెచ్చి పోసే అలవాటుకి టర్బో బండి సరిపడదు.

ఆ టర్బోల్లో కొన్ని డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు మీద పడదు. పాత పద్ధతిలో పెట్రోలే ఆ వాల్వుని కడిగేది. ఇప్పుడు కడిగేవాళ్లు లేక ఆయిల్ ఆవిరి మసిగా పేరుకుంటుంది. డెబ్బై ఎనభై వేలు దాటాక ఐడిల్ వణుకు, పికప్ తగ్గడం మొదలైతే మ్యానిఫోల్డ్ విప్పి అక్రోట్ చిప్పల పొడితో ఊది శుభ్రం చేయాలి. ఇంజిన్ పోయినట్టు కాదు, భయపడక్కర్లేదు. కానీ ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి.

డీసీటీ దగ్గర మాత్రం గట్టిగా చెబుతాను. అందులో రెండు క్లచ్‌లు ఉంటాయి, వాటిని కంప్యూటర్ ఆడిస్తుంది. హైవే మీద దాని గేర్ల మార్పు నాకూ ఇష్టం. కానీ డ్రై క్లచ్ రకం అయితే, కొత్తగూడ జంక్షన్‌లో బండి అడుగు అడుగు జరిగేటప్పుడు ఆ క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూనే ఉంటుంది. చల్లబరచడానికి ఆయిల్ లేదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీద ఆపేవాళ్లు ఇంకా త్వరగా కాలుస్తారు. గేర్‌బాక్స్ వేడెక్కిందని వార్నింగ్ వచ్చి నడిరోడ్డు మీద ఆగిన బండ్లు మా దగ్గరికి వచ్చాయి. ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ రకం దీనికంటే నయం. మీ దారికి టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించే) ఆటోమేటిక్ మంచిది, సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచేది) కూడా సరే, కానీ దాని ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని ఎవరు చెప్పినా వినకండి. ఏఎంటీ (క్లచ్, గేర్లు తానే మార్చే మాన్యువల్) కుదుపులు భరించగలిగితే లోపలంతా మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ ప్లేట్ ఏ మెకానిక్ అయినా వేస్తాడు, తర్వాత కొత్త క్లచ్ పట్టే చోటుని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి స్కానర్‌తో నేర్పిస్తే చాలు.

డీజిల్ మీరు అడగలేదు, మంచిదే. బీఎస్-6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్ పొగ గొట్టంలోని ఫిల్టర్ తనలో చేరిన మసిని కాల్చేయడానికి ఆరు వందల డిగ్రీల వేడి, పావుగంట ఆగకుండా పరుగు కావాలి. ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లకి అది కుదరదు. రోజూ వరంగల్‌కో విజయవాడకో తిరిగేవాళ్లకే డీజిల్.

హైబ్రిడ్ సంగతి చెబితే నాన్నగారు ఆశ్చర్యపోతారు. ఈ మూడింటిలో ఎక్కువ టెక్నాలజీ ఉన్నది అదే, నేను ఎక్కువ నమ్మేదీ అదే. టయోటా తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. ఒక గ్రహచక్రాల గేరు, రెండు మోటార్లు. ట్రాఫిక్‌లో ఇంజిన్ చాలాసేపు ఆగే ఉంటుంది, బ్రేకు పని చాలావరకు మోటార్ చేస్తుంది కాబట్టి ప్యాడ్లు ఏళ్ల తరబడి ఉంటాయి. అంటే అరిగే వస్తువుల్నే తీసేశారు. 2023లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ ఓనర్లని అడిగి చేసిన సర్వేలో మామూలు పెట్రోలు కార్ల కంటే హైబ్రిడ్‌లకి 26 శాతం తక్కువ సమస్యలు కనిపించాయి. అదే సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకి 79 శాతం ఎక్కువ. కాబట్టి టెక్నాలజీ ఎక్కువా తక్కువా అన్నది కాదు చూడాల్సింది. అది అరుగుదలని తగ్గిస్తోందా, లేక చిన్న వస్తువు మీద పెద్ద బరువు పెడుతోందా అన్నది చూడాలి. హైబ్రిడ్‌లో మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. బ్యాటరీకి గాలి పోయే జాలీ వెనక సీటు దగ్గర ఉంటే దాని మీద బ్యాగులు, దుప్పట్లు పెట్టకండి, ఏటా దుమ్ము దులిపించండి. మన దగ్గర టయోటా ఆ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఇస్తోంది. మీ వాడకానికి మొదట ముగిసేది 8 ఏళ్లే, ఆ తర్వాత ఏడేళ్లకి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

ఏ కారైనా పై వేరియంట్‌కి పోకండి. మొత్తం ఎల్ఈడీ హెడ్‌ల్యాంప్‌కి నీళ్లు పోతే బల్బు కాదు, అసెంబ్లీ మొత్తం మార్చాలి. సన్‌రూఫ్ నీళ్లు దిగే సన్నటి గొట్టాలు వేపాకు, దుమ్ముతో మూసుకుపోయి కార్పెట్ కిందికి కారుతాయి. అక్కడే పైన చెప్పిన యూనిట్లు ఉంటాయి. ఏసీ నాబ్‌లు చేతికి తగిలేలా ఉన్న కారు చూడండి. స్క్రీన్‌లో కలిపేస్తే స్క్రీన్ పోయిన రోజు ఏసీ కూడా పోయినట్టే. జె.డి. పవర్ అనే సంస్థ చేసే సర్వేల్లో ఓనర్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది కూడా ఈ స్క్రీన్ల మీదే. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఏర్పాటు) మాత్రం తగ్గించుకోవద్దు. అవి ప్రాణం కాపాడేవి, వాటి రిపేర్ ఖర్చు గురించి నేను మాట్లాడను.

ఇంకొక మాట, దయచేసి వినండి. కొత్త కారు షోరూం నుంచి తిన్నగా యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్లి వైర్లు కోయించకండి. మా దగ్గరికి వచ్చే కొత్త కార్ల కరెంటు సమస్యల్లో చాలావాటికి మూలం కోసి టేపు చుట్టిన వైరు. కప్లర్‌కి కప్లర్ తగిలించేది అయితేనే పెట్టించండి, లేదంటే వారంటీ కూడా పోతుంది. పొడిగించిన వారంటీ ఎన్నేళ్లు ఇస్తే అన్నేళ్లు తీసుకోండి. అది ఎలక్ట్రానిక్స్‌కి ఇన్సూరెన్స్ లాంటిది.

మీ 2009 కారుని తొందరపడి ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి. పదిహేనేళ్లకి రెన్యువల్ చేయించారు కాబట్టి 2029 దాకా కాగితాలు ఉన్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తట్టుకునే రబ్బరు, సీళ్లు 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలోనే ఖాయంగా ఉంటాయి. పెట్రోలు పైపులు, ఇంజెక్టర్ ఓ-రింగులు, పంపు ఒకసారి విప్పి చూపించండి, పైపులు గట్టిపడి ఉంటే మార్చేయండి. వాసన వస్తే ఆ రోజే ఆపేయండి. నాన్నగారి కూరగాయల మార్కెట్‌కి, గుడికి ఆ బండి కాగితాలు ఉన్నంతకాలం హాయిగా నడుస్తుంది.

కొత్తదానికి టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున తీసుకోకండి. పనిరోజు సాయంత్రం ఆరున్నరకి అడగండి, మీ ఆఫీసు దారిలోనే, నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని. తర్వాత సర్వీస్ కౌంటర్‌కి వెళ్లి ఐదు వస్తువుల ధర అడిగి రాసుకోండి: ఒక హెడ్‌ల్యాంప్, స్క్రీన్, ఏబీఎస్ యూనిట్, గేర్‌బాక్స్ క్లచ్ సెట్, టర్బో ఉంటే టర్బో. మూడు కార్లకీ ఆ అంకెలు తెచ్చి ఇక్కడ పెట్టండి. ఏది తీసుకోవాలో వాటిని ముందు పెట్టుకుని చెబుతాను.